కనుబొమల దాకా చేతులు

నా ముప్పై ఏడో ఏట నేను థాయ్ బాక్సింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆళ్లగడ్డలో ఒక చిన్న ఆస్పత్రిలో నర్సును నేను, పదిహేనేళ్లుగా అదే పని. చిన్నప్పుడు చెల్లెలితో జుట్లు పట్టుకున్న గొడవలు తప్ప ఎవరి మీదా చెయ్యెత్తిన మనిషిని కాదు. ఈ వయసులో ఇదేం పిచ్చి అని అడిగినవాళ్లకు ఒళ్లు తగ్గడానికని చెప్పేదాన్ని. అది నిజం కాదు.

అంతకు కొన్నాళ్ల ముందు ఒకరోజు మధ్యాహ్నం చాగలమర్రి దారిలోని ఒక పల్లె నుంచి ఒకతన్ని ట్రాక్టరు ట్రాలీలో పడుకోబెట్టుకొని తెచ్చారు. ముప్పై ఏళ్లకు అటూ ఇటూ ఉంటాడు. చేనిలో నీళ్లు కడుతూ గుండె పట్టుకొని కూలబడ్డాడట. మా దగ్గరికి వచ్చేసరికే నాడి అందలేదు. డాక్టరుగారు గుండె ఒత్తమన్నారు. మంచం ఎత్తుగా ఉండడంతో స్టూలెక్కి ఒత్తడం మొదలుపెట్టాను. అరగంట ఒత్తాను. మధ్యలో అతని పక్కటెముక ఒకటి విరగడం నా అరచేతికి తెలిసింది. నా చెమట చుక్కలు అతని చొక్కా మీద పడుతూనే ఉన్నాయి. డాక్టరుగారు రెండుసార్లు కళ్లలో లైటు వేసి చూసి, చాలన్నారు. ఆపి స్టూలు దిగాను.

అంతసేపూ తలుపు దగ్గర నిలబడి చూస్తున్న మనిషి, పోయినతని అన్న, నా దగ్గరికి వచ్చాడు.

"ఎందుకు నిలిపినావ్?" అన్నాడు.

నేను డాక్టరుగారి వైపు చూశాను.

"నిన్నే అడుగుతాండేది. ఎందుకు నిలిపినావ్?"

చెప్పడానికి నోరు తెరిచేలోపే కొట్టాడు. అరచెయ్యంతా ఎడమ చెంపకూ చెవికీ కలిపి తగిలింది. నేను గోడకు ఆనుకున్నాను. చెవిలో కుక్కరు కూత లాంటిది మొదలైంది. ఎవరెవరో వచ్చి అతన్ని పట్టుకున్నారు. అతను మంచానికి కాళ్ల వైపు ఒరిగి తమ్ముడి కాలి వేళ్లు పట్టుకుని ఏడవసాగాడు. నేనక్కడే నిలబడి ఉన్నాను. రెండు చేతులూ పక్కన వేలాడుతున్నాయి. దెబ్బ వస్తున్నప్పుడు ఆ చేతులు లేవలేదు. మొహానికి అడ్డం పెట్టుకోవాలన్నది కూడా వాటికి తోచలేదు.

తర్వాత జరగాల్సిందంతా మామూలుగానే జరిగింది. ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి డాక్టరుగారి గదిలో టీ తాగి, చిన్న వయసు చావు, వాడికి ఒళ్లు తెలియలేదు, మనసులో పెట్టుకోవద్దన్నాడు. కేసు పెడతావా అని డాక్టరుగారు అడిగారు. వద్దనే మాటే వినాలన్నట్టుంది ఆయన అడిగిన తీరు. వద్దన్నాను.

నా భర్త శిల్పి. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో దేవుడి విగ్రహాలు చెక్కుతాడు. ఆ సాయంత్రం ఒంటి మీద రాతి దుమ్ముతోనే ఇంటికొచ్చి నా చెంప చూశాడు.

"నేనేం చేయల్ల చెప్పు," అన్నాడు.

"ఏం చేస్తావప్పా. వానికి తమ్ముడు పోయినాడు."

"అది సరే. నేనేం చేయల్ల?"

ఇద్దరికీ తెలియలేదు. ఆ రోజు నుంచి రోడ్డు మీద నడిచేటప్పుడు అతను నాకు కుడిపక్కకు మారాడు, మాట్లాడితే వినపడాలని. అంతకు మించి అతను చేయగలిగింది లేకపోయింది.

చెవి చూపించుకోవడానికి నంద్యాల పోయాను. కర్ణభేరికి చిన్న చిల్లి పడిందని, దానంతటదే పూడుకోవచ్చు, పూడుకోకపోవచ్చు అని చెప్పారు. బస్టాండుకు నడిచి వస్తుంటే ఒక ఎరువుల దుకాణం పైన అంతస్తులో బోర్డు కనపడింది. థాయ్ బాక్సింగ్, ఆడవాళ్లకు ఆదివారం ఉదయం ప్రత్యేకం అని ఉంది. నేను మెట్లెక్కాను. ఎందుకెక్కానో అప్పుడు అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

మాస్టరుకు ముప్పై ఏళ్లుంటాయి. బెంగుళూరులో వాచ్‌మన్‌గా పని చేస్తూ అక్కడే ఈ విద్య నేర్చుకుని వచ్చాడట. మామూలు రోజుల్లో విత్తనాల గోడౌన్లో లెక్కలు చూస్తాడు. ఆదివారం ఏడింటికి రమ్మన్నాడు. ఆళ్లగడ్డలో తొలి బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా గంటకు పైగా ప్రయాణం చేసి చేరుకునేదాన్ని. మేము ఎనిమిదిమందిమి. మిగతా అందరూ కాలేజీ పిల్లలే. ఆత్మకూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయిని నాకు జతగా వేశాడు.

మొదటి రోజంతా నిలబడడమే. ఎడమకాలు ముందుకు, కుడికాలు వెనక్కి, రెండింటి మధ్యా భుజాలంత ఎడం. వెనక కాలి మడమ నేలకు తగలకూడదు. గడ్డం ఛాతీ వైపు దించాలి. రెండు చేతులూ కనుబొమల దాకా ఎత్తి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా పెట్టుకోవాలి. దాన్ని గార్డు అంటారు. అలా నిలబడి గది ఈ మూల నుంచి ఆ మూలకు జరగాలి. అయిదు నిమిషాలకే నా భుజాలు మండాయి, చేతులు వాటంతట అవే ఛాతీ దాకా జారిపోయాయి.

"చేతులు," అనేవాడు మాస్టరు. కొంచెంసేపటికి మళ్లీ, "అక్కా, చేతులు." ఆ రోజు ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో.

"కొట్టేది ఎప్పుడు నేర్పిస్తావప్పా?" అని అడిగాను నీళ్లు తాగేటప్పుడు.

"ముందు నిలబడల్ల అక్కా. నిలబడేది రాకుండా కొడితే నువ్వే పడతావు."

కొట్టడం మూడో ఆదివారం మొదలైంది. ముందు చేత్తో సూటిగా కొట్టే గుద్దును జాబ్ అంటారు. వెనక చేత్తో, నడుము తిప్పి కొట్టేది క్రాస్. బలం చేతిలో లేదని, వెనక కాలి బొటనవేలి దగ్గర మొదలై నడుము మీదుగా పిడికిలి దాకా వస్తుందని మాస్టరు తన కాలు తిప్పి తిప్పి చూపించాడు. ఆత్మకూరు అమ్మాయి చేతులకు మెత్తటి ప్యాడ్లు తగిలించుకుని నా ఎదురుగా నిలబడింది. నేను కొట్టాను. కొట్టిన వెంటనే "సారీ మా" అన్నాను. రెండోసారీ కొట్టి సారీ అన్నాను. ఆ పిల్లకు నవ్వాగలేదు.

"అక్కా, అది ప్యాడు. దానికేం నొప్పి కాదు."

నాకు తెలుసు. అయినా నోటికి ఆ మాట వస్తూనే ఉంది. పదిహేనేళ్లుగా సూది గుచ్చే ముందు, కట్టు విప్పే ముందు, అవతలివాళ్లకు నొప్పి తగిలే ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పడం అలవాటైన నోరు. అది మానడానికి నెల పట్టింది.

అంతకంటే పెద్ద చిక్కు నా కళ్లతో వచ్చింది. గుద్దు మొహం వైపు వస్తే చాలు, గట్టిగా మూసుకునేదాన్ని. మాస్టరు అది కనిపెట్టాడు. అందరూ తాళ్లు దూకుతుంటే నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, గ్లవ్సు తొడుక్కున్న చేత్తో నా నుదుటి మీద మెల్లగా ఒకటి తట్టాడు. కళ్లు మూసుకున్నాను. మళ్లీ తట్టాడు. మళ్లీ మూసుకున్నాను.

"కండ్లు మూసినావంటే దెబ్బేం ఆగదక్కా. నీకు కనపడకుండా తగుల్తాది, అంతే."

ప్రతి ఆదివారం అలా పదినిమిషాలు తట్టేవాడు. దెబ్బ నొప్పేమీ కాదు, పసిపిల్లల నుదురు తట్టినంత. కానీ ఎడమ పక్క నుంచి చెయ్యి వస్తే నా కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఎందుకని అతను అడగలేదు. ఒకరోజు నేనే చెప్పాను, ఆస్పత్రిలో ఒకతను కొట్టాడని. మాస్టరు విని, గ్లవ్సు తీసి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"వాడు మళ్ల వస్తాడని వచ్చినావా ఈడికి?"

"తెలీదప్పా."

"సరే. ఎడమపక్క ఇంకో యాభై," అని మళ్లీ గ్లవ్సు తొడుక్కున్నాడు.

తర్వాత కాళ్లొచ్చాయి. ముందుకొచ్చే మనిషిని అరికాలితో పొట్ట మీద తోసి దూరం పెట్టడాన్ని తీప్ అంటారు. అది తన్ను కాదు, తోపు అని మాస్టరు పదేపదే చెప్పేవాడు. మీదికి వంగిన ఆవును పక్కకు తోసినట్టు ఉండాలనేవాడు. పక్క నుంచి తన్నేటప్పుడు పాదంతో కాదు, మోకాలి కింది ఎముకతో తన్నాలి. నిలబడిన కాలి మడమ పూర్తిగా తిరగాలి, లేకపోతే మోకాలు పోతుంది. మోచేతి దెబ్బలు, మోకాటి పోట్లు ఆఖరున చూపించాడు. వాటికంటే కష్టమైంది క్లించ్. ఇద్దరు దగ్గరైనప్పుడు ఎదుటి మనిషి మెడ వెనక రెండు చేతులూ వేసి తలను కిందికి లాగి పట్టుకోవడం. చూసేవాళ్లకు కౌగిలించుకున్నట్టే ఉంటుంది. ఆ ఆత్మకూరు పిల్ల నాలో సగం కూడా ఉండదు. నా మెడ పట్టిందంటే నేను ఎటూ కదల్లేకపోయేదాన్ని. దాని భుజం వాసన, దాని ఊపిరి, నా కాళ్ల కింద తిరుగుతున్న చాప తప్ప ఏమీ తెలిసేది కాదు. "లాగొద్దక్కా, నిటారుగా నిలబడు, తల ఎత్తు," అని అదే నాకు చెవిలో చెప్పేది. అయినా లాగేదాన్ని.

తన్నులు ఆపడానికి చేతులు అడ్డం పెట్టీ పెట్టీ నా ముంజేతులు నల్లగా కమిలాయి. ఆస్పత్రిలో కోటు చేతులు మోచేతి దాకానే ఉంటాయి. ఒకరోజు మా వార్డులో పనిచేసే ఆయా నన్ను సామాన్ల గదిలోకి పిలిచింది. అరవైకి దగ్గరున్న మనిషి, నన్ను కూతురిలా చూస్తుంది.

"ఎన్నాళ్ల నుంచి కొడతాండాడు?" అంది.

"ఎవరక్కా?"

"నీ మొగుడు."

నేను నవ్వి, బాక్సింగ్ సంగతి చెప్పాను. ఆమె నమ్మలేదు. నా చెయ్యి వదల్లేదు. "చెప్పుకుంటే సిగ్గని నేనూ ఇట్లనే మెట్ల మీద పడినానని చెప్పేదాన్ని," అంది.

భర్త నన్ను కొడుతున్నాడన్న మాట వారంలో ఊరంతా తిరిగి అతని షెడ్డు దాకా పోయింది. ఆ పూట అతను అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు.

"నేను నిన్ను కొడతాండానంట," అన్నాడు.

"మానేస్తాలే ఆ క్లాసు."

"మానొద్దు."

"మరి జనం?"

"వాళ్లకేం చెప్పినా నమ్మరు." కంచం దగ్గరికి లాక్కుని, "నువ్వు రాత్రుళ్లు ఉలిక్కిపడేది తగ్గింది. పో, మానొద్దు," అన్నాడు.

విగ్రహం చేయించుకోవడానికి వచ్చిన ఒక కుటుంబం అతనికి కాకుండా పక్క షెడ్డుకు పని ఇచ్చిందని నాకు తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది. అతను నాతో అనలేదు.

అలా పది నెలలు గడిచాయి. ఇప్పుడు నా గుద్దుకు ప్యాడు చప్పుడు బాగా పలికేది. వేలాడే సంచిని కొట్టేటప్పుడు ఏమనుకుంటావక్కా అని ఆత్మకూరు పిల్ల ఒకసారి అడిగితే ఏమీ అనుకోనని చెప్పాను. నిజానికి ఆ సంచికి ఒక మొహం ఉండేది. ఆ మొహంలో గడ్డం ఎక్కడుందో, ఎంత దూరంలో ఉందో నాకు కచ్చితంగా తెలుసు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, ఆటోలో ఒక ముసలామెను తెచ్చారు. డెబ్బై దాటి ఉంటుంది. ఊపిరి అందక పెదాలు నీలంగా ఉన్నాయి. ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్లెక్కి వచ్చిన కొడుకు అతనే, నన్ను కొట్టిన మనిషి. నేను వెంటనే గుర్తుపట్టాను. అతను నన్ను గుర్తుపట్టలేదు.

"సిస్టరమ్మా, బేగా చూడమ్మా. పొద్దున్నుంచి ఇట్లనే ఊపిరి ఎగపోస్తాంది," అన్నాడు.

ఆక్సిజన్ పెట్టాను. సూది గుచ్చాను. డాక్టరుగారు చూసి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని, గుండె బాగా బలహీనంగా ఉందని, నంద్యాల పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మని చెప్పి అంబులెన్సుకు ఫోన్ చేయించారు. అది వచ్చేదాకా మేమిద్దరమే ఆ మంచానికి చెరో పక్క నిలబడ్డాం. మాస్కు పక్కకు జారుతుంటే అతను మెత్తగా సర్దుతున్నాడు.

"ఇదే మంచం మీద మా తమ్ముడు పోయినాడమ్మా, పోయిన సమ్మచ్చరం," అన్నాడు.

నేను ఆమె నాడి చూస్తున్నాను.

"ఆ పొద్దు నాకేం తెలీదు. యాడున్నానో, ఎట్లా ఇంటికి పోయినానో, ఏందీ తెలీదు. ఎవరో కాంపౌండర్ను కొట్టినానంట. మా ఊరోళ్లు చెప్పినారు."

"కాంపౌండరు కాదు," అన్నాను. "నన్ను."

అతను తల ఎత్తి నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. గుర్తుకు తెచ్చుకోవాలని చూస్తున్నాడని నాకు అర్థమైంది, గుర్తు రావడం లేదని కూడా. పది నెలలు నేను ప్రతి ఆదివారం బస్సెక్కి పోయి కొట్టిన మనిషి తలలో నేను లేనే లేను.

"ఆడమనిషినా కొట్టింది నేను?" అన్నాడు. మంచం కాళ్ల దగ్గర వంగి, తన కాలి చెప్పు తీసి నా వైపు చాచాడు. "కొట్టమ్మా. దీంతో కొట్టు. ఎవరూ ఏమనరు."

మొహం ముందుకు పెట్టి నిలబడ్డాడు. గడ్డం పైకెత్తి ఉంది. రెండు చేతులూ కిందనే ఉన్నాయి. అంత దగ్గరగా, కొట్టడానికి అంత తేలికగా ఎవరూ నా ఎదుట నిలబడలేదు. అయినా నా పిడికిలి బిగుసుకోలేదు.

"మాస్కు జారిపోతాంది," అన్నాను. "అమ్మది. పట్టుకో."

చెప్పు కింద వేసి మాస్కు పట్టుకున్నాడు.

అంబులెన్సు వచ్చాక ఆమెను స్ట్రెచర్ మీదికి మారుస్తుండగా ఊపిరి ఆగింది. మళ్లీ మంచం మీదికే దించాం. నేను స్టూలెక్కి ఒత్తడం మొదలుపెట్టాను. డాక్టరుగారు మందులిస్తున్నారు. కొంతసేపటికి చాలన్నారు. నేను ఒత్తుతూనే ఉన్నాను. మళ్లీ అన్నారు. ఆపితే ఏమవుతుందో తెలిసిన దాన్ని కాబట్టి ఆపలేకపోయాను. మూడోసారి నా భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, పోయింది," అన్నారు. దిగాను.

వెనక్కి తిరిగేసరికి అతను మంచం చుట్టూ తిరిగి నా వైపే వస్తున్నాడు.

నేను ఆలోచించలేదు. నా కుడికాలు దానంతటదే వెనక్కి పోయింది. మడమ లేచింది. గడ్డం దిగింది. రెండు చేతులూ కనుబొమల దాకా లేచాయి. కళ్లు మూసుకోలేదు. మాస్టరు చూస్తే ఒక్క తప్పు కూడా పట్టేవాడు కాదు.

అతను ఆగిపోయాడు. వార్డులో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. నా పిడికిళ్ల మధ్య నుంచి అతని మొహం కనపడుతోంది. దానిలో కోపం లేదు. నన్ను చూడడం లేదు కూడా. నా వెనక మంచం మీదున్న తల్లిని చూస్తున్నాడు.

"జరుగమ్మా," అన్నాడు. "కొంచెం జరుగు."

నేను ఆమెకూ అతనికీ మధ్య నిలబడి ఉన్నాను. అంతే సంగతి. జరగాలని తెలుసు. కాళ్లు కదల్లేదు. చేతులు దించాలని చూశాను, దిగలేదు. ఆయా వెనక నుంచి వచ్చి నా రెండు మోచేతులూ పట్టుకుని, చంటిపిల్లను పక్కకు తీసుకుపోయినట్టు గోడ దగ్గరికి తీసుకుపోయింది. అప్పుడు అతను వెళ్లి తల్లి మొహం మీది మాస్కు తీశాడు.

ఆ ఆదివారం క్లాసుకు పోయి మాస్టరుకు జరిగింది చెప్పాను. పిల్లలు ఇంకా రాలేదు. అతను కింద కూర్చుని పిడికిళ్లకు గుడ్డ చుట్టుకుంటూ విన్నాడు.

"చేతులు లేచినాయి కదక్కా," అన్నాడు ముందు, సంతోషంగానే. తర్వాత నా మొహం చూసి ఆగాడు.

"లేచినాయి. దిగలేదప్పా. ఎట్లా దించల్ల?"

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"నాకు ఇంతవరకే తెలుసక్కా," అన్నాడు.

నెల తర్వాత ఆ ముసలామె కొడుకు తల్లి చావు కాగితాల కోసం ఆస్పత్రికి వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. కిటికీ నుంచి చూసి నేను సామాన్ల గదిలోకి పోయి, సెలైన్ పెట్టెల పక్కన నిలబడ్డాను. కొంతసేపటికి ఆయా తలుపు తీసింది.

"వాడు నిన్నడుగుతాండాడు."

"సెలవులో ఉందని చెప్పు."

"చూసినాడమ్మా నిన్ను."

"అయినా చెప్పు."

ఆమె పోయి చెప్పింది. అతను వెంటనే పోలేదు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాడని ఆమె మళ్లీ వచ్చి చెప్పింది. నేను తలుపు గడియ పెట్టుకున్నాను. బయటికి పోయి ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. అతను క్షమాపణ చెబుతాడేమో, నేను చెప్పాలేమో, ఇద్దరిలో ఎవరు ముందో. ఒక పెట్టె మీద కూర్చుని, అతను పోతాడని ఎదురుచూశాను. గంట దాటాక ఆయా తలుపు తట్టి, పోయినాడంది.

"ఏం కావాలంట?"

"ఏం లేదంట. ఊరికే అడిగినాడంట."